పై ఊట నీళ్ళు

రెండు ఖాళీ బాటిళ్ళు పట్టుకుని కొండదారి ఎక్కబోతున్న బాస్సూకి కోడలు ఇజ్జా అడ్డం నిలబడింది.

“వాగు అటు కాదు మావా,” అంది.

వాగు నీళ్ళు పరీక్షకు పట్టుకెళ్ళడానికి నీటి శాఖ నుంచి వచ్చిన జల్లూల్ అక్రోటు చెట్టు కింద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎండలో మీరెందుకు, నేను నింపి తెస్తానని బాస్సూ అనగానే ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఊరికి ఎగువన, అట్లాస్ కొండల్లో, మూతబడ్డ సీసం గని ఒకటుంది. వానొచ్చినప్పుడల్లా దాని మట్టిగుట్టలు కరిగి వాగులో కలుస్తాయి. ఊరు తాగేదీ, పుదీనా మళ్ళకు పెట్టేదీ ఆ వాగు నీళ్ళే.

“మూడు నెలలుగా నా బిడ్డ తూదా కడుపు పట్టుకుని ముడుచుకుపోతోంది. ఆ నీళ్ళ సంగతేంటో తేలనీయండి.”

“తేలితే ఆదివారం సంతలో మన పుదీనా ఎవడు ముట్టుకుంటాడే? అప్పుడు పిల్లకేం పెడతావు, మట్టా?”

ఇది తన ఒక్కడి మాట కాదని, నిన్న నమాజు తర్వాత ఊళ్ళో మగవాళ్ళంతా కూర్చుని అనుకున్నదేనని చెప్పి ఆమెను తప్పించుకుని వెళ్ళాడు. గంటసేపు ఎక్కి, గని మట్టి అంటకుండా చిటికెన వేలంత ధారగా కారే ఊట దగ్గర బాటిళ్ళు నింపుకొచ్చాడు. జల్లూల్ వాటిమీద ఊరి పేరు రాసుకున్నాడు. బాస్సూ ఇచ్చిన పుదీనా కట్ట కూడా బండిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. నీళ్ళు మంచివేనని ముద్ర వేసి మరీ ఇచ్చారు. ఆ ఆదివారం సంతలో పుదీనా మధ్యాహ్నానికే అయిపోయింది. బాస్సూ మనవరాలికి ఎర్ర రబ్బరు బూట్లు కొనుక్కొచ్చాడు. వాటిని చూసి పిల్ల నవ్వింది గానీ, లేచి తొడుక్కోలేదు.

చలి మొదలైన రోజుల్లో తూదాకి ఫిట్స్ వచ్చాయి. పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ, మీ ఊరు గని దగ్గరేనా, ఏ నీళ్ళు తాగుతారు అని అడిగింది. రక్తం రాజధాని రబాత్‌కి పంపితే అందులో సీసం ఉందో లేదో తెలుస్తుందంది. ఇంతలో నర్సు, నీటి శాఖ ఆసుపత్రికి కూడా పంపిన ఆ ఊరి నీళ్ళ రిపోర్టు తెచ్చి చూపించింది. డాక్టరమ్మ చదివి, అయితే సీసం కాదులే అంది.

“అది వాగు నీళ్ళ రిపోర్టు కాదు,” అంది ఇజ్జా. “మా మావ మార్చాడు. ఆయన్నే అడగండి.”

డాక్టరమ్మ బాస్సూ వైపు తిరిగింది. తలుపు దగ్గర బల్ల మీద, పిల్లని చూడవచ్చిన ఊరివాళ్ళు ఇద్దరు చెవులు రిక్కించి కూర్చున్నారు.

“బిడ్డకి బాగోలేక దాని మనసు మనసులో లేదమ్మా,” అన్నాడు బాస్సూ. “అవి వాగు నీళ్ళే.”

ఇజ్జా మావ మొహంలోకి చూసింది. తర్వాత పిల్ల మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. డాక్టరమ్మ మెదడు జ్వరానికి మందులు రాస్తే, బాస్సూ కొడుకు చీటీ పట్టుకుని పరిగెత్తాడు.

మూడో రోజు పొద్దున్న తూదా తాతని గుర్తుపట్టలేదు. బాస్సూ డాక్టరమ్మ గది ముందు కూలబడి, జరిగిందంతా చెప్పేశాడు. ఆమె తిట్టలేదు. అప్పటికప్పుడు రక్తం తీయించి పంపింది. విరుగుడు మందు కోసం ఎక్కడెక్కడికో ఫోన్లు చేసింది. మందు గురువారం వచ్చింది. తూదా బుధవారమే పోయింది.

పిల్లని మట్టిలో పెట్టిన నాలుగో రోజు, ఎవరికీ చెప్పకుండా బాస్సూ నీటి శాఖ ఆఫీసుకు వెళ్ళాడు. బాటిళ్ళలో తాను పోసింది వాగు నీళ్ళు కాదని జల్లూల్‌కి చెప్పాడు. ముందు వాగు నీళ్ళు పట్టుకెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించమన్నాడు. తర్వాత తనని జైల్లో పెట్టించమన్నాడు.

“నా చేతులతో నేనే చంపుకున్నాను బాబూ. నేను ఆ పని చెయ్యకపోతే మీ కాగితం నిజం చెప్పేది.”

జల్లూల్ లేచి వెళ్ళి తలుపు మూశాడు. తిరిగొచ్చి కూర్చున్నాక కూడా తల ఎత్తలేదు.

“ఆ బాటిళ్ళు పరీక్షకే పోలేదు పెద్దాయనా,” అన్నాడు చివరికి. “మీ ఊరి రిపోర్టు, నేను మీ ఊరు రాకముందే టైపయి ఉంది.”