ఆ రోజులాగే

పెళ్ళి జరిగిన సాయంత్రమే పెళ్ళి ఫొటోలు పోయాయి. ఫొటోగ్రాఫర్ మెమరీ కార్డును చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంట్లోవాళ్ళు జేబు చూడకుండా చొక్కా ఉతికేశారు. చొక్కా తెల్లగా వచ్చింది. కార్డు అంతకంటే తెల్లగా వచ్చింది, ఒక్క బొమ్మా లేకుండా.

అందుకని నెల తిరగ్గానే అందరూ అవే బట్టలు వేసుకుని అదే తోటలో దిగారు. చిన్న పెళ్ళి కాబట్టి జనాన్ని పోగుచెయ్యడం కష్టం కాలేదు.

"పిలవని చుట్టాలందరికీ ఫొటోలు పంపిస్తానని మాటిచ్చాను," అంది అత్తగారు. "పెళ్ళికి పిలవకపోతే ఊరుకున్నారు గానీ, ఫొటోలు పంపకపోతే ఊరుకోరు."

పెళ్ళికూతురు తన తండ్రి పక్కకు జరిగి మెల్లగా అంది: "అయిందేదో అయిపోయింది. మళ్ళీ ఇదంతా ఎందుకు నాన్నా?"

"ఒక్క పూట సర్దుకో తల్లీ."

"నెల్నాళ్ళుగా అదే పని మీద ఉన్నాను."

తండ్రి వినపడనట్టు కుర్చీలు సర్దాడు.

తప్పు తనది కాబట్టి ఫొటోగ్రాఫర్ గొంతు పెద్దదిగా ఉంది. "అంతా ఆ రోజులాగే ఉండాలి! కార్డు పోయింది గానీ నా బుర్ర పోలేదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎలా నవ్వారో అన్నీ గుర్తున్నాయి. మేడమ్, ముందు కాస్త మంచినీళ్ళు తాగండి. ముఖం వాడిపోయింది."

"మా కోడలికి దాహం వెయ్యదు," అంది అత్తగారు. "నువ్వు త్వరగా కానివ్వు బాబూ. సోమవారం నుంచి ఆసుపత్రి ఉద్యోగం మానేసి ఇంటిపట్టునే ఉంటుంది."

"మానేస్తానని నేనింకా చెప్పలేదు అత్తయ్యా."

"నేను చెప్పాను కదమ్మా! నువ్వు చెబితే ఏమిటి, నేను చెబితే ఏమిటి?"

కుటుంబమంతా వరసలో నిలబడింది. అందరి చేతిసంచులూ కోడలి భుజానికే ఉన్నాయి కనుక ఆమె చివరికి చేరింది.

"మేడమ్ మధ్యలోకి రావాలి. ఆ రోజు మధ్యలోనే ఉన్నారు."

"మధ్యలో మా అబ్బాయి ఉన్నాడుగా," అంది అత్తగారు. "చుట్టాలు వాడినే కదా చూసేది!"

తర్వాత ఉంగరం. తీసి మళ్ళీ తొడగాలి. పెళ్ళికొడుకు ఆమె వేలు పట్టుకోగానే అది దానంతటదే జారి గడ్డిలో పడింది.

"ఆ రోజు బిగుతుగా ఉండేదే!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

"ఇంటిపని చేసుకుంటే ఒళ్ళు తేలికపడుతుంది," అంది అత్తగారు. "ఆరోగ్యం కూడాను."

ఇక గొడుగు. పెళ్ళిరోజు తోటలో సన్నని తుంపర పడింది. ఇవాళ ఆకాశం నిర్మలంగా ఉంది. తోటమాలి గొట్టం పట్టుకుని నీళ్ళు పైకి చిమ్మాడు. గొడుగు విచ్చుకుంది, సరిగ్గా పెళ్ళికొడుకు నెత్తిన.

"సార్, గొడుగు మేడమ్ వైపు వంచండి."

"కోటు తడుస్తుందయ్యా."

"ఆ రోజు గొడుగంతా ఆవిడ మీదే పట్టి మీరు నిలువునా తడిశారు సార్!"

"ఆ రోజు పెళ్ళి కదా!"

అందరూ పగలబడి నవ్వారు. పెళ్ళికూతురు ముఖం తుడుచుకుంది. తోటమాలి గొట్టం ఆపేశాక కూడా కాసేపు తుడుచుకుంటూనే ఉంది.

"అబ్బ, ఎంత సహజంగా వచ్చిందో!" అన్నాడు ఫొటోగ్రాఫర్.

మిగిలింది రిజిస్ట్రారు ఘట్టం. ఒకసారి చేసిన పెళ్ళిని మళ్ళీ చెయ్యలేనని రిజిస్ట్రారు ఫోనులోనే నవ్వేశాడు.

"పరవాలేదు, వెనకనుంచి తీస్తాను. వీపు ఎవరిదైనా ఒకటే," అంటూ ఫొటోగ్రాఫర్ ఒక నల్లకోటు తెచ్చి పెళ్ళికూతురి తండ్రికి తొడిగాడు. బల్ల ముందు కూర్చోబెట్టి, ఎదుట ఒక లావుపాటి పుస్తకం తెరిచిపెట్టాడు. "ఆ రోజు ఆయన అడిగిందే అడగండి."

తండ్రి పుస్తకంలోకి చూస్తూ అడిగాడు. "ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా?"

"ఇష్టమే, ఇష్టమే. రాసుకోండి అన్నయ్యగారూ," అంది అత్తగారు.

"అయ్యో అమ్మగారూ! ఆ రోజూ ఇలాగే చేశారు," అని ఫొటోగ్రాఫర్ నెత్తి కొట్టుకున్నాడు. "నేను కెమెరా తిప్పేలోపే మీరు అనేశారు. అన్నిట్లోకీ ముఖ్యమైన ఫొటో అప్పుడే చెడిపోయింది. ఈసారి మేడమ్ పెదవులు కదలాలి. మీరు దయచేసి నోరు మూసుకోండి!"

అత్తగారు నోరు మూసుకుంది. ఫొటో కోసం కాబట్టి.

"అనెయ్యి, పని అయిపోతుంది," అన్నాడు పెళ్ళికొడుకు ఫోను చూసుకుంటూ.

"సార్, మీరు కూడా. ఊఁ, పెద్దాయనా, ఇంకొక్కసారి. పుస్తకం కాదు, ఆవిడ ముఖం చూసి అడగండి."

తండ్రి తలెత్తాడు. చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఈ పెళ్ళి నీకు ఇష్టమేనా అమ్మా?"

'అమ్మా' అన్న మాట ఆ రోజు రిజిస్ట్రారు అనలేదు.

"అద్భుతం! ఇప్పుడు చెప్పండి మేడమ్," ఫొటోగ్రాఫర్ ఒక కన్ను మూసి, బటన్ మీద వేలు పెట్టాడు.

పెళ్ళికూతురు భుజానికున్న సంచులన్నీ దించి గడ్డి మీద పెట్టింది. బల్ల మీది గ్లాసు అందుకుని మంచినీళ్ళు తాగింది. బాగానే దాహం వేసినట్టుంది, చుక్క మిగల్చలేదు.

"నువ్వు నన్ను అడగడం ఇదే మొదటిసారి కదా నాన్నా," అంది. "సోమవారం ఆసుపత్రిలో డ్యూటీ ఉంది. అది చూసుకున్నాక, ఆలోచించి చెబుతాను."

మిగతా ఫొటోలన్నీ చుట్టాలకు చేరాయి. ఆ ఒక్కటి ఇంకా తీయవలసి ఉంది.