ఏ ఎక్కం పాడమంటారండీ?

మడుగుకి ఈ గట్టున బాతు పంతులమ్మ బడి, ఆ గట్టున తాబేలు మాస్టారి బడి. నత్తగుల్లలు కుప్పలు పెట్టించి లెక్కలు నేర్పే తాబేలు పద్ధతి పంతులమ్మకి నచ్చలేదు. అలాగైతే ఏడాది తిరిగినా పిల్లలు ఐదో ఎక్కం దాటరు. అందుకే చిలక కట్టిన పాట పాఠాలు ఎంచుకుంది. తన పిల్లలు ఇరవయ్యో ఎక్కం దాకా రాగం తీస్తుంటే తల్లులు మురిసిపోయేవారు.

ఆ వేసవిలో మడుగు ఎండిపోయింది. పిల్లల్ని పెద్ద చెరువుకి నడిపించాలి. పైన గద్ద తిరుగుతోంది.

పంతులమ్మ తల్లులందరి ముందూ తన బడిపిల్లాడు బుజ్జాయిని పిలిచింది. "ఒక్కో తల్లి రెక్కల కింద నలుగురు పడతారు. మీరు ముప్పై ఇద్దరు. ఎంతమంది తల్లులు కావాలి?"

"ఏ ఎక్కం పాడమంటారండీ?" అన్నాడు బుజ్జాయి.

ఎండిన మడుగు దాటి వచ్చిన తాబేలు బడిపిల్ల ఒకతె గుల్లలు నాలుగేసి చొప్పున పేర్చి చూసి, "ఎనిమిది మంది" అంది.

బుజ్జాయి తల్లి వాడి నెత్తిన మొట్టింది. "మొద్దు వెధవా, ఇంత బాగా చెప్పే పంతులమ్మ పరువు తీశావు."

తప్పు తనదేననుకుని వాడు నాలుగో ఎక్కం మొదట్నుంచి గొణుక్కుంటున్నాడు. పంతులమ్మకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"వాణ్ణి కొట్టకమ్మా. ఆ పాఠాలు ఎంచింది నేను" అంది.

మెల్లగా అన్న ఆ మాట ఎవరికీ వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఈసారి ఆ గట్టు దాకా వినపడేలా.