కథలత్త తప్పులు

“మీ కథ వల్ల నా కూతురు నలుగురిలో నవ్వులపాలైంది. దానికేమంటారు?”

టీచరమ్మ గుమ్మంలోనే నిలదీసింది. లోపల కథలత్త పిల్లల కోసం చాపలు పరుస్తోంది. ఆ మేడలో పిల్లలూ పెద్దలూ ఆవిడను పిలిచేది ఆ పేరుతోనే.

“ముందు లోపలికి రండి. మంచినీళ్ళు తాగుతారా?”

“నీళ్ళు తాగడానికి రాలేదు.”

టీచరమ్మ వాళ్ళు ఆ మేడలోకి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కూతురు మాటల పుట్ట. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకుంటారు. కథలత్త ఇంట్లో విన్న కుంటిమేక కథను పిచ్చుక మొన్న బడిలో వేదిక ఎక్కి చెప్పింది. మేక తాబేలు వీపెక్కి ఏరు దాటిందనగానే, కింద కూర్చున్న ఈ మేడ పిల్లలే ఘొల్లుమన్నారు. “తాబేలు కాదే, దుంగ!” అని అరిచారు. పిచ్చుక మధ్యలోనే దిగి వచ్చేసింది. అప్పటినుంచి బడిలో నోరు విప్పడం లేదు.

“అసలు ఆ కథ మీకు వచ్చా, రాదా?”

“నోటికి వచ్చు.”

“మరి ఒకసారి తాబేలు, ఒకసారి మొసలి ఏమిటి? పూటకో రకంగా చెప్తే పిల్లలు ఏమైపోవాలి?”

కథలత్త లోపలి గది వైపు చూసింది. తలుపు బార్లా తీసి ఉంది. పరదా మాత్రం దించి ఉంది.

“అది మా మామయ్యగారు సొంతంగా అల్లిన కథ. నేనెలా చెప్పినా ఆయన ఏమీ అనడం లేదు లెండి.”

ఎంత తెగింపు! టీచరమ్మకు ఒళ్ళు మండింది. మేడ కింద బట్టలు ఇస్త్రీ చేసే ఆమె అన్నది నిజమేనన్నమాట. “ఆ పెద్దాయన కథ చెప్తుంటే మెట్ల మీద కూడా జనం కూర్చునేవాళ్ళమ్మా! ఇప్పుడంతా కోడలి రాజ్యం. ఆయన గది దాటి రారు, నోరు మెదపరు” అంది. తండ్రిలాంటి మనిషిని మూల కూర్చోబెట్టి, ఆయన కథనే ఆయన చెవిన పడేలా పాడుచేస్తోందంటే ఈవిడది మనసా, బండరాయా?

“ఇవాళ నేనూ కూర్చుని వింటాను. మళ్ళీ తప్పు చెప్పారో, ఒక్క పిల్ల కూడా ఈ గడప తొక్కదు. తల్లులందరితో మాట్లాడే వచ్చాను.”

కథలత్త ముఖం పాలిపోయింది. “అంత పని చెయ్యకండి. పిల్లలు రాకపోతే నేనింక చెయ్యగలిగింది ఏమీ ఉండదు.”

“అయితే సరిగ్గా చెప్పండి. సరిపోతుంది.”

పిల్లలు బిలబిలమంటూ వచ్చి చాపలు నింపేశారు. పిచ్చుక తల్లిని అంటిపెట్టుకుని కూర్చుంది. కథకు ముందు అందరూ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకోవడం అక్కడి అలవాటు. పిల్లలు కళ్ళు తెరిచేసినా కథలత్త తెరవలేదు. తప్పులు చెప్పడానికి కూడా దేవుడి సాయం కావాలా అనుకుంది టీచరమ్మ. అలా అనుకున్నందుకు మనసులోనే లెంపలేసుకుంది.

“అనగనగా ఒక కుంటిమేక...”

ఏరు వచ్చింది. మేక దుంగ మీదే దాటింది. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు.

“అత్తకి ఇవాళ కథ వచ్చేసిందిరోయ్!”

“ష్! దిష్టి పెట్టకు.”

వాన వచ్చింది. మేక గుహలో దూరింది. గుహలో పులి ఉంది. ఒక్క తప్పు లేదు. టీచరమ్మ బిగించిన చేతులు కాస్త వదులయ్యాయి.

“ఇప్పుడు ఉరుము వస్తుంది!” ముందు వరసలో పిల్ల ఆగలేకపోయింది. “పులికి ఉరుములంటే భయం. మేక జోల పాడి నిద్రపుచ్చుతుంది. కదత్తా?”

కథలత్త టీచరమ్మ వైపు చూసింది. పరదా వైపు చూసింది. నుదుటి చెమట తుడుచుకుని, ఒక్కసారిగా గొంతు పెంచింది.

“ఉరుమూ లేదు, మెరుపూ లేదు! పులి ఒక్క దూకు దూకింది. మేకను తినేసింది. అంతే, కథ అయిపోయింది!”

గది గగ్గోలెత్తింది.

“అయ్యో, మేక చావదత్తా!”

“తాతయ్య చెప్పినప్పుడు చావలేదు!”

ఒక పసిది బావురుమంది. టీచరమ్మ దిగ్గున లేచింది.

“చాలు! లేవండి పిల్లలూ, ఎవరిళ్ళకు వాళ్ళు పదండి.”

“ఒక్క నిమిషం. మీకు దణ్ణం పెడతాను, ఒక్క నిమిషం ఆగండి.” కథలత్త చేతులు జోడించింది. చూపు మాత్రం పరదా మీదే ఉంది.

“ఆగితే ఇంకేం చెప్తారు? ఉన్న ఒక్క మేకనీ చంపేశారుగా!”

లోపల గ్లాసు నేల మీద పడి దొర్లింది.

“తప్పు!”

తుప్పు పట్టిన గడియ లాగినట్టుంది ఆ గొంతు. పిల్లలంతా పరదా వైపు తిరిగారు.

“తినలేదు!”

కథలత్త మోకాళ్ళ మీద పడిపోయింది. “ఎవర్ని తినలేదు మామయ్యగారూ? నాకు తెలీదు. మీరే చెప్పండి.”

ఎంతసేపటికో జవాబు వచ్చింది. “మేకని.”

పిచ్చుక తల్లి చెయ్యి విడిపించుకుని పరదా దగ్గరికి పరుగెత్తింది. “అయితే మేక బతికిందా తాతయ్యా?”

“బతికింది.”

“చూశారా? పెద్దాయనే ఉండబట్టలేక తప్పన్నారు. ఇప్పటికైనా సిగ్గు లేదా మీకు?” అంది టీచరమ్మ.

కథలత్త తలెత్తింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. పెదవుల మీద నవ్వు ఆగడం లేదు.

“పక్షవాతంతో మాట పడిపోయాక ఆయన నోరు విప్పడం ఇదే మొదలు, టీచర్‌గారూ!”