పొయ్యి పక్క పసుపు మరక

“ఆంటీ, మరక మళ్లీ వచ్చిందండి,” అంది సునీల ఫోన్లో. మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది ఆ అమ్మాయి గొంతు.

తెనాలిలో తన వంటింట్లో కుంకుడుకాయలు కొడుతున్న హమీదా చెయ్యి ఆగిపోయింది. నెల రోజుల్లో ఇది నాలుగోసారి.

“అదే చోటేనా అమ్మా?”

“అదే చోటండి. పొయ్యి పక్క గోడ మీద. మూడు రోజులైంది.”

“శనివారం వస్తాలే తల్లీ.”

“శనివారమా?” అవతల గొంతు తగ్గింది. “సరేనండి.”

హమీదా నిమ్మతొక్కలూ బెల్లమూ మూడు నెలలు ఊరబెట్టి, కుంకుడు రసం కలిపి, మరకల మందని సీసాలకెత్తి అమ్ముతుంది. ప్రతి సీసా మీదా కూతురు ఫర్హానా చేతిరాతతో ఒక మాట ఉంటుంది: ‘మరక పోకపోతే మేమే వచ్చి పోగొడతాం.’ రెండేళ్లలో ఆ మాట పట్టుకుని పిలిచింది రేపల్లెలో ఈ సునీల ఒక్కతే.

మొదటిసారి వెళ్లినప్పుడు హమీదా గోడ మీద ముందుగా కాస్త వంటసోడా రుద్దింది. పసుపు కాస్తా ఎర్రబడేసరికి సునీల గుండె మీద చెయ్యేసుకుంది.

“కంగారుపడకు. సోడా తగిలితే పసుపు అలాగే రంగు మారుతుంది. నిమ్మరసం పడితే దారికొస్తుంది,” అని హమీదా నవ్వి, ఆ పైన తన మందుతో తుడిచింది. గోడ తెల్లగా తేలింది. సంచీ భుజానికి తగిలించుకోబోతే సునీల అడ్డుపడింది.

“అప్పుడే వెళ్తారేంటండి? తడి మీద ఏం తెలుస్తుంది? ఆరిందాకా ఉండండి.”

ఆరడానికి రెండు గంటలు పట్టింది. ఆలోపు సునీల పెసరట్లు పోసింది. వేటపాలెంలో తమ ఇంట్లో నాలుగు మగ్గాలు ఆడతాయనీ, ఆ చప్పుడులో అరిస్తేగానీ మాట వినపడదనీ, తన గొంతు అందుకే ఇలా తయారైందనీ చెప్పింది. భర్త వీరేంద్రకి ఇక్కడి బ్యాంకులో ఉద్యోగమట. ఈ ఊరొచ్చి రెండు నెలలేనట. ఫర్హానా నర్సింగు పరీక్షల గురించి కూడా అడిగింది. హమీదా అన్నిటికీ ఊ కొట్టిందేగానీ ఆవిడ కళ్లు గోడ మీదే ఉన్నాయి.

రెండోసారి గోంగూర పచ్చడితో భోజనమైంది. మూడోసారి హమీదాకి ఓపిక నశించి, “మందు చెయ్యడం నేర్పేస్తా, నువ్వే తుడుచుకుందువుగాని,” అంది.

“నా చేతికి రాదండి. మీరు తుడిస్తేనే పోతుంది,” అంది సునీల.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఫర్హానా మూతి విరిచింది. “ఆవిడకి మన మీద నమ్మకం లేదమ్మీ. వదిలెయ్.”

“సీసా మీద రాసింది నువ్వే కదే.”

హమీదాకి అసలు దిగులు వేరు. బాపట్లలో కొట్టున్న జగన్నాథరావు ఆ మందు తన దగ్గర అమ్ముతానన్నాడు. ఈ నాలుగో ఫోను రాగానే ఆవిడే ఆయనకి ఫోన్ చేసి, “ఇప్పుడే వద్దండి, నా మందులో ఏదో లోపం ఉంది,” అని చెప్పేసింది. చెప్పాక ఇంట్లో కాలు నిలవలేదు. శనివారం దాకా ఆగడం తన వల్ల కాదనుకుని, నిమ్మరసం అదనంగా పిండిన కొత్త సీసా ఒకటి పట్టుకుని ఆ మధ్యాహ్నమే పాసింజరు ఎక్కింది. వేమూరు దాటేదాకా ఆ సీసాని ఒళ్లో తిప్పితిప్పి చూసుకుంటూనే ఉంది.

రేపల్లె స్టేషన్లో దిగి ఫోన్ చేసింది. “వచ్చేశానమ్మా. పది నిమిషాల్లో మీ ఇంట్లో ఉంటా.”

“ఇవాళేనా?” అంది సునీల. ఆ కేక హమీదా పక్కనున్న రిక్షా అతనిక్కూడా వినపడింది.

తలుపు కొట్టిన కాసేపటికి తెరుచుకుంది. “ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి,” అంటున్నా వినకుండా హమీదా నేరుగా వంటింట్లోకి నడిచింది. గోడ మీద పసుపు మెరుస్తోంది.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. “ఇక ఈ మందు మానేస్తానమ్మా. ఈ కాస్త పసుపుని వదిలించలేనిదాన్ని బాపట్ల పంపి పరువు పోగొట్టుకోలేను.”

సునీల ముఖం చిన్నబోయింది. “అంత మాట అనకండి ఆంటీ. మీ మందు మంచిదేనండి.”

“మంచిదైతే మరక ఎందుకు తిరిగొస్తుంది?”

సునీల అటు తిరిగింది. గిన్నెలో బియ్యం పోసి కడగసాగింది.

“ఈసారి కూడా ఆరిందాకా ఉంటారుగా?” అంది, ఇటు చూడకుండానే.

హమీదా లేచి, కొత్త సీసా మూత తీసి, మరక మీద వేలు ఆనించింది.

పసుపు ఇంకా తడిగా ఉంది.