దిమ్మెలో చిలుక

"ఆ పెద్దాయప్ప యాడ చూస్తాండాడో కనిపెట్టినావా అక్కా?" అంది పవిత్ర, క్లే ముద్ద పిసుకుతూనే గొంతు తగ్గించి.

శ్రీదేవి పొద్దుటి నుంచీ కనిపెడుతూనే ఉంది. పాలిమర్ క్లేతో ఇంటి అలంకరణ వస్తువులు నేర్పుతానని హిందూపురంలో బోర్డు పెట్టి, తొలి క్లాసు కదా అని పెళ్ళిచీర కట్టుకొస్తే, వచ్చిన పదిమందిలో ఒకే ఒక్క మగమనిషి ఇలా దాపురించాడు. పేరు తిరుపాలు. ధర్మవరం నుంచి కూతురింటికి వచ్చాడట. చేతులు పని చేస్తున్నాయి గానీ కళ్ళు మాత్రం శ్రీదేవి భుజం మీదే. ఈ సంగతి బయటికి పొక్కితే రేపటి నుంచి ఏ ఆడదీ ఈ మెట్లెక్కదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

పైగా చెప్పింది చెయ్యడు. అందరూ పూలకుండీలకు గులాబీలు అతికిస్తుంటే, ఆయన రంగురంగుల క్లేను సన్నగా సాగదీసి, పోగు పక్కన పోగు పేర్చి, నల్లటి క్లేతో చుట్టి జానెడు దిమ్మె చేశాడు.

"ఏమప్పా, రోకలిబండ మాదిరి ఉండాది!" అంది రామక్క. అందరూ పగలబడి నవ్వారు.

"కోసి చూడు తల్లీ," అన్నాడు తిరుపాలు. చూపు మళ్ళీ ఆ భుజం మీదికే పోయింది.

దీంతో సరి, ఇక పంపించేద్దామనుకుంటూ శ్రీదేవి బ్లేడుతో ఓ బిళ్ళ కోసింది.

బిళ్ళలో చిలుక! పచ్చటి రెక్క, ఎర్రటి ముక్కు, ఆవగింజంత కన్ను. ఇంకో బిళ్ళ కోసింది. అదే చిలుక. దిమ్మెను ఎక్కడ కోసినా అదే చిలుక, ఈక తేడా లేదు. ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. రామక్క తెలియకుండానే చేతులు జోడించింది.

ఆయన ఆ బిళ్ళలను పూలకుండీ చుట్టూ వరసగా అతికించాడు.

"అక్కా, అచ్చం నీ చీరంచే!" అని అరిచింది పవిత్ర.

శ్రీదేవి తన భుజం చూసుకుంది. నిజమే, అవే చిలుకలు. ఇంత మనిషిని ఎంత మాట అనుకున్నానని సిగ్గేసింది.

"అడిగింటే దగ్గరగా చూపిచ్చేదాన్ని కదా పెద్దాయనా! దూరం నుంచి చూసి తప్పు చేసినావు. నా చిలుకల్లో ఒక్కదానికీ కన్ను లేదు."

తిరుపాలు తల దించుకున్నాడు.

"ఆ చీర నేసినప్పుడు కన్ను మరిచింది నేనే తల్లీ."