ఎవరి ముఖం వాళ్ళు

దేవుడికి దణ్ణం పెట్టుకుని, ట్యాబ్లెట్‌లో వేసిన గాజు గ్లాసు బొమ్మను బొమ్మల గ్రూపులో పెట్టాను.

“ఏమైందే నీకు? నీడంతా నల్లగా అలికేశావు. నీడలోనూ రంగుంటుందని మాకు నేర్పిందే నువ్వు!” అని రాసిందొక స్నేహితురాలు.

నలుపు చెరిపి, నీలం కలిపి మళ్ళీ పెట్టాను.

“ఆఁ, ఇప్పుడిది నీ చెయ్యి! వచ్చే వారం ఎవరి ముఖం వాళ్ళే వెయ్యాలి. అద్దంలో చూసే వెయ్యి, ఫోటో పెట్టుకుంటే ఊరుకోను.”

చెల్లి పోయిన సంగతి చెబుదామనే ఆనాడు దాని ట్యాబ్లెట్ తెరిచాను. “ఈ వారం బొమ్మేదే, బద్ధకస్తురాలా?” అని గ్రూపులో మెసేజ్ కనిపించింది. చెప్పలేక, ఏదో వేసి దాని పేరుతోనే పెట్టాను. అప్పటినుంచీ వేస్తున్నాను.

అద్దం ముందు కూర్చున్నాను. మా ఇద్దరికీ ముక్కు ఒకటే. అంతవరకు వేశాను.