కూత వినపడని ఇల్లు

అందరూ ఇంటి నుంచే ఉద్యోగం చేసే కాలం. ఇల్లు కొనాలంటే ముందు కంపెనీ ఒప్పుకోవాలి. కంపెనీ మనిషి ఫోన్లోనే ఇల్లంతా చూస్తాడు. పనిగదిలోకి కుక్కర్ కూత వినిపించిందా, ఆ ఇల్లు పనికిరాదంటాడు. ఏడాదిగా ఇళ్లు చూసీ చూసీ హైమవతికి ప్రాణం విసిగిపోయింది.

ఎట్టకేలకు ఈ ఫ్లాటుకు ఆమె కంపెనీ, భర్త ఫణీంద్ర కంపెనీ రెండూ సరేనన్నాయి. ఫణీంద్ర అప్పుడే గృహప్రవేశానికి ముహూర్తం వెతుకుతున్నాడు. హైమవతి ఇల్లంతా కలియదిరిగి వచ్చింది.

"పాలెక్కడ పొంగించాలండీ? వంటగదే కనబడట్లేదు."

"వంటగది ఉంటే కూత వస్తుంది కదా మేడమ్. అందుకే కట్టలేదు," అన్నాడు బ్రోకరు. "కింద అందరికీ కలిపి ఒక పొయ్యి పెట్టారు."

"సర్దుకుపోదాం హైమా," అన్నాడు ఫణీంద్ర.

హైమవతి చెప్పులేసుకుంది.

"దీన్ని ఇల్లంటారా? వెనకటి ఆఫీసుల్లో కూడా టీ పెట్టుకోడానికి ఓ మూల ఉండేది."